కళ్లకు అడ్డం పెట్టిన చెయ్యి

పాత క్యాంపర్ వ్యానుకు పెట్టించిన అదనపు లైట్లను నేను పోలీసులకు భయపడి పీకించానని మా ఆయన మదనపల్లెలో అందరికీ చెబుతాడు. అబద్ధం. పుంగనూరులో ఆ లైట్లు బిగిస్తుంటే, మెకానిక్ షెడ్డు బెంచీ మీద బస్సు కోసం కూర్చున్న ఒక రామకుప్పం ఆవిడ నన్ను అడిగింది.

"ఇన్ని లైట్లు యాలమ్మా?"

"రాత్రిపూట దారి కనపడొద్దా?" అన్నాను పెడసరంగా.

"సేన్లోకి ఏనుగులు రాకుండా కావలి కాసి మా ఆయన రోడ్డెంబడి నడిసొస్తాండాడు. ఇట్లాంటి లైట్లే మొగాన కొడితే సెయ్యి అడ్డం పెట్టినాడు," అంటూ తన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూపించింది. "గుద్ది సంపినోడేమో, లిఫ్టు అడగతా అడ్డమొచ్చినాడని స్టేషన్లో సెప్పినాడమ్మా."

బస్సొచ్చింది, ఆవిడ వెళ్లిపోయింది. నేను ఆ పూటే లైట్లు పీకించాను. ఆ డ్రైవరు ఎప్పుడైనా ఎదురైతే ఒకటే అడుగుతాను. అంత వెలుతురులో ఆ చెయ్యి దేనికి లేచిందో నీకెట్లా కనపడలేదు?