మగ్గం గుంట పక్కన ఇటుక గీత

మా ఇంట్లో మగ్గం గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చునేది నేనే. మా ఆయనకు భుజం పట్టేసినప్పటి నుంచి పక్కన కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె అందించడం ఆయన పని. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు పెనవేస్తూ పోవాలి కాబట్టి ఇద్దరు ఉండాల్సిందే. గుంట మాత్రం నాది. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మా మామ నన్ను నేలమీద కూర్చోబెట్టి, మోకాళ్లు ఎక్కడికి వస్తాయో చూసుకుని, తన చేతులతో తవ్వాడు దాన్ని. నేసిన బట్ట చుట్టుకునే కర్రకూ నా పొట్టకూ మధ్య అప్పట్లో పిడికిలి పట్టేది. ఇరవై రెండేళ్లు గడిచేసరికి గోరు కూడా పట్టడం లేదు.

నేను ఒప్పుకుంటేగా! కట్టిన చీర మందంగా ఉందన్నాను, కూర్చునే పలక ముందుకు జరిగిందన్నాను, ఆఖరికి కర్రే ఉబ్బిందన్నాను. మాకు పట్టూ నూలూ ఇచ్చి నేయించుకునే సేటు ఒకరోజు మా చీర మడత విప్పి వెలుతురుకు పట్టాడు.

"జరీ ఏందమ్మా గిట్ల మసకైంది? దేనికన్న రాసుకుంటుందా?"

రాసుకుంటున్నది నా పొట్టే. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన నేల చూపులు చూశాడు, నేను సిగ్గుపడుతూ ఆ చీరను మళ్లీ మడత పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మేస్త్రీని పిలుచుకొచ్చాడు. మేస్త్రీ గుంట చుట్టూ తిరిగి, ఇటుక ముక్కతో నేలమీద ఒక గీత గీశాడు. "గీడిదాంక తవ్వితే సాలక్కా. జానెడు ఎన్కకు జరిగి కూసుంటవు, పొట్ట తాకదు" అన్నాడు. మంచివాడే పాపం, పొట్ట అనే మాటను మెల్లగా అన్నాడు. చేతిలో పని అయిపోయాక వస్తానని వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం మా అమ్మాయి దసరా సెలవులకు వచ్చింది. నాగర్‌కర్నూల్లో నర్సింగ్ చదువుతోంది. కాలేజీ వాళ్లు ఒక పని అప్పజెప్పారట. జంక్ ఫుడ్డు, ఊబకాయం మీద తీసిన డాక్యుమెంటరీని పదిమంది ఆడవాళ్లకు చూపించి, వాళ్లేమన్నారో రాసుకుని రావాలట. నేను వాడకట్టంతా పిలిచాను. ఇంటికి మంది వస్తుంటే ఉత్తగా కూర్చోబెట్టే అలవాటు మాకు లేదు. గద్వాల కోట దగ్గరి బండి నుంచి రెండు పెద్ద పొట్లాల మిర్చి బజ్జీలు తెప్పించాను, కూల్ డ్రింక్ సీసాలు తెప్పించాను. ప్లేట్లు చూసి మా అమ్మాయి తల పట్టుకుంది.

"అమ్మా, గీ సినిమా దేని గురించో ఎరికేనా నీకు?"

"దేని గురించైతేంది? మంది ఆకలితోని సూస్తరా?"

టీవీలో తెల్లవాళ్ల ఊరు. వాళ్లు పెద్ద పెద్ద బర్గర్లు, బకెట్ల లాంటి డబ్బాల్లో కోడి ముక్కలు తింటున్నారు, చెంబంత గ్లాసుల్లో డ్రింకులు తాగుతున్నారు. మా అమ్మాయి మాటమాటకూ తెలుగు చెబుతోంది. మావాళ్లు ఒకటే నవ్వులు. "అయ్యో పాపం, గంతగనం ఎట్ల తింటున్రు తల్లీ!" అంది పక్కింటి వదిన, మూడో బజ్జీ కొరుకుతూ. "మన దిక్కు గిట్ల ఉండదు. మనం ఇంట్ల వండుకుని తింటం" అని ఇంకొకామె వేళ్లకంటిన నూనెను పేపరుకు తుడుచుకుంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

అంతలో తెరమీదికి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. స్టీరింగు పొట్టకు తగులుతోందని మెకానిక్కు దగ్గరికి పోయి సీటు వెనక్కి జరపమంటాడు. మెకానిక్కు సీటు కిందికి వంగి చూసి ఏదో అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది: "ఇంతకు ముందే రెండుసార్లు జరిపిండట. ఇగ ఎన్క జాగ లేదంటుండు."

నా చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. టీవీ పక్కనే మగ్గం, మగ్గం పక్కన పొద్దున గీసిన ఎర్రటి గీత. గదిలో ఎవరూ నన్ను చూడటం లేదు గానీ, అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. భయం వేసింది. ఆ తర్వాత మా మామ గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన తవ్విన గుంటలో లోపం లేదు.

అందరూ వెళ్లాక మా ఆయనతో అన్నాను: "గుంట తవ్వుడు లేదు. ఉగాది దాంక ఆగు. నేనే తగ్గుత."

"నువ్వా?" అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే ఆరు నెలలు బతికాను నేను.

నేతపని వాళ్లకు పోగుకు మించిన కొలత లేదు. పట్టు పోగు ఒకటి నడుముకు చుట్టి, కొసలు కలిసిన చోట కత్తిరించి, గోడ మేకుకు వేలాడదీశాను. ప్రతి ఆదివారం తీసి కొలవాలని నియమం. మూడో ఆదివారానికే కొసలు రెండు వేళ్లు దాటి ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. వాడంతా తిరిగి చెప్పుకున్నాను. ఆ సంబరంలో రెండు బజ్జీలు కూడా తిన్నాను. మా ఆయన ఆ పోగును వేళ్ల మధ్య పట్టి లాగి చూశాడు.

"ఇది పట్టు గదనే. లాగితే సాగుతది. నువ్వు తగ్గలే, పోగు పెరిగింది."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పట్టు సాగుతుందనీ, నూలు సాగదనీ తెలిసినదాన్ని. రోజూ మగ్గం మీద ఆ రెంటికీ వేరువేరు బిగువు చూసుకునేదాన్ని. ఆశ కొద్దీ అదే మరిచిపోయాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆయన తలుపు దగ్గరికొచ్చి, గట్టి నూలు పోగు ఒకటి చేతిలో పెట్టాడు. మళ్లీ మొదటి నుంచి కొలిచాం.

"అమ్మా, వాళ్లకు బర్గరైతే మనకేందో నువ్వే సూసుకో" అంది మా అమ్మాయి ఫోన్లో. చూసుకున్నాను. మగ్గం దిగకుండా తాగే ఆరు చాయలు, చెంచాలకు చెంచాలు చక్కెర, చాయలో ముంచే బిస్కెట్లు, నాలుగింటికి బజ్జీలు, ఆదివారం బండి మీది నూడుల్సు. ఇంట్లో వండుకుని తింటామన్న మాట ఉత్తదే. చాయలు రెండుకు దించాను, చక్కెర మానేశాను. రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. మొదటి వారమంతా ఇంట్లో ఎవరు పలకరించినా కయ్యానికి దిగాను. తెల్లారగానే కోట చుట్టూ నడక మొదలుపెట్టాను. నా నడక చూసి మొదట్లో నవ్విన పక్కింటి వదినే చలికాలం వచ్చేసరికి తన నూలు పోగు తెచ్చి మా మేకుకు తగిలించింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. శివరాత్రి నాటికి మా గోడకు ఏడు పోగులు వేలాడాయి.

ఇటుక గీతను మాత్రం చెరగనివ్వలేదు. తడిగుడ్డతో ఇల్లు తుడిచేటప్పుడు దాన్ని తప్పించి తుడిచేదాన్ని. వెలిసిపోతే నేనే ఇటుక ముక్కతో మళ్లీ దిద్దేదాన్ని. మా ఆయన చూసి మీసాల్లో నవ్వుకునేవాడు.

మా అమ్మాయి వచ్చినప్పుడల్లా ఇదంతా ఫోన్లో తీసింది: మా కొలతలు, నడక, నా తిట్లు. తిమ్మాజిపేట మండలంలో ఒక ఊరికి ట్రైనింగుకు పోయినప్పుడు అక్కడి ఆడవాళ్లకు చూపించిందట. పట్టు పోగు దగ్గర పడి పడి నవ్వారట. ఆ తర్వాత ఎవరూ పాపం అనలేదట, ఎవరి నడుము వాళ్లు చూసుకున్నారట. ఒక ముసలామె అడిగిందట: "ఇంతకు మీ అమ్మ గుంటల పట్టిందా లేదా, బిడ్డా?" ఆ సంగతి పండక్కి తేలుతుందని మా అమ్మాయి చెప్పొచ్చిందట. అందుకే ఉగాదికి ఫోను పూర్తిగా చార్జింగు పెట్టుకుని మరీ వచ్చింది.

ఉగాదికి రమ్మన్న మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. వాడకట్టు ఆడవాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. నేను గుంటలోకి కాళ్లు దించి, పాత చోటునే పలక మీద కూర్చున్నాను. ఊపిరి బిగబట్టలేదు. మా ఆయన ముందుకు వంగి, కర్రకూ నా పొట్టకూ మధ్య తన పిడికిలి పెట్టి చూశాడు. పట్టింది. ఇంకా కాస్త జాగా మిగిలింది కూడా.

"నువ్వే" అన్నాడు.

అరిచినంత పని చేశాను. మేస్త్రీకి ఉగాది పచ్చడి పెట్టి, గడ్డపారతో సహా పంపించేశాను. మా అమ్మాయి ఫోను ఇంకా నా వైపే ఉంది. ముందు నాలుగు వేళ్ల బట్ట నేశాను, జరీ మెరుస్తూనే ఉంది. ఆ తర్వాత తడిగుడ్డ తెచ్చుకుని, నేలమీద మోకాళ్లూని ఆ గీతను తుడిచాను. ఆరు నెలలు దిద్దిన గీత కదా, మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు.