ఐసు తాతయ్య ముక్కు

విచారణ పదకొండు గంటలకు. తొమ్మిదిన్నరకే ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు భార్య వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మని ఐసు తాతయ్య మనవరాలు ఎంత పిలిచినా గడప దాటలేదు.

"మీ తాత పోయాడు, కాదనను. ఆయన పోయాడని మా ఆయన్ని కూడా చంపుతారా? వాల్వు సరిగా బిగించలేదని ఇవాళ రాసేస్తారంట. రాస్తే ఏళ్ల తరబడి లోపలే. ఆ మనిషేమో నోరు విప్పడు. నువ్వు చదువుకున్నదానివి, పిల్లలకి సైన్సు చెప్పేదానివి. గ్యాసు కారిన ఆ పొద్దున ఏం జరిగిందో నీకు నిజంగా తెలీదా?"

మనవరాలికి తెలుసు. తాతయ్య పోయిన తొమ్మిది రోజుల నుంచీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ పేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పిల్లలకీ పెద్దలకీ ఐసు తాతయ్యే. నలభై ఏళ్ల కిందట పాత కంప్రెసరు ఒకటి కొనుక్కుని ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. ఉప్పునీళ్ల తొట్టిలో డబ్బాలు దింపి, దిమ్మలు పైకి తీసి, మొదట్లో తనే భుజాన మోసేవాడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ఐసు ఊరికే ఇచ్చేవాడు. చావు ఇంటికైతే అడక్కుండానే రెండు దిమ్మలు వెళ్లిపోయేవి. "పోయినవాళ్ల మీద వ్యాపారమేంటయ్యా" అనేవాడు. ఆయన పోయిన రోజున మాత్రం ఫ్యాక్టరీకి సీలు పడి ఉంది. పక్క ఊరి నుంచి ఎవరో ఐసు తెచ్చారు. వచ్చేసరికి సగం కరిగింది.

అమ్మానాన్నా ఒకే ఏడాది పోతే మనవరాలిని పెంచింది ఆయనే. పొద్దున్నే దిమ్మలు ఎత్తించి వచ్చి, కొయ్యబారిన వేళ్లతో రెండు జడలూ అల్లేవాడు. చెవికి ఆ చల్లటి వేలు తగిలితే పిల్ల కెవ్వుమనేది. మొదటి పాలపన్ను ఊడి ఏడుస్తుంటే, దాన్ని దాస్తానని ఐసు దిమ్మలో గడ్డకట్టించాడు. ఆ దిమ్మ కాస్తా పొరపాటున చేపల కొట్టుకి వెళ్లిపోయింది. "నీ పన్ను తిన్న చేపకి మాటలొచ్చేసుంటాయే" అని ఏళ్ల తరబడి ఏడిపించేవాడు.

ఆయన్ని పేటంతా నమ్మింది ఆయన ముక్కుని బట్టి. ఫ్యాక్టరీ గొట్టాల్లో తిరిగేది అమ్మోనియా. కొంచెం కారినా కళ్లు మండుతాయి. ఎక్కువైతే ఊపిరితిత్తులు ఉడికిపోతాయి. ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి గంధకం వత్తి వెలిగించి గొట్టం దగ్గర పెడతారు. తెల్లటి పొగ లేస్తే కారుతున్నట్టు. ఐసు తాతయ్యకి వత్తి అక్కర్లేదు. రోజూ ఆరింటికి చేతులు వెనక్కి కట్టుకుని, గొట్టాల వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, "ఊఁ, కానివ్వండి" అనేవాడు. అప్పుడే మిషను కదిలేది. గ్యాసు అలారం ఒకటుండేది గానీ, గొట్టాల్లో పేరుకున్న నూనె తీసిన ప్రతిసారీ కాస్త గ్యాసు బయటికొచ్చి ఊరికే మోగుతోందని దాని తీగ ఎప్పుడో పీకేశారు. కొత్తది పెట్టిద్దామని మెకానిక్కు అడిగితే, "నా ముక్కుండగా ఆ గోల మనకెందుకురా" అన్నాడు.

ఏటా తనిఖీకి వచ్చే అధికారి ఆఫీసు గది దాటేవాడు కాదు. ఫ్యాను కింద కూర్చుని, "మీరుండగా నేను లోపలికెళ్లి చూసేదేముందండీ" అని సంతకం గీకి లేచేవాడు. ఫ్యాక్టరీ గోడని ఆనించి మూడు వరసల ఇళ్లకి అనుమతులు ఇచ్చిన ఆఫీసువాళ్లూ అదే ధీమాతో ఇచ్చారు. ఒక మనిషి మంచివాడన్న సాకుతో వందల కుటుంబాలను గాలికి వదిలేయడం అక్కడ అందరికీ అంత సులువైపోయింది.

ఆ ముక్కు పోయింది.

రెండు నెలల కిందట పది రోజులు జ్వరపడి లేచాడు. ఓ ఆదివారం మనవరాలు బజారు నుంచి వచ్చేసరికి వంటింట్లో పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడింది. ఇల్లంతా పొగ. ఆయన ఆ పక్కనే పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"తాతయ్యా, వాసన రాలేదా?"

ఆయన గిన్నె వంక, ఆమె వంక చూశాడు. దొంగతనం చేసి దొరికిపోయినట్టు చూశాడు.

"ఎవరికీ చెప్పకే. బయటపడితే మిషను ఆపేస్తారు. పనివాళ్లు నలభై మంది. ఆసుపత్రికి ఐసు వెళ్లేది మన దగ్గర నుంచే. ఈ ఎండలు పోనీ, అలారం పెట్టిస్తాను. నా మాట నమ్ము."

నమ్మింది. బడిలో ఆ వాయువు గురించే పాఠం చెప్పి ఇంటికొచ్చి నోరు మూసుకుంది. ఆయన రోజూ ఆరింటికి గొట్టాల వెంట నడుస్తూనే ఉన్నాడు. వెనకొచ్చే మెకానిక్కు మొహం చూసి, వాడు ముక్కు చిట్లించకపోతే "ఊఁ" అనేవాడు.

మునిసిపల్ హాల్లో కుర్చీలు చాలలేదు. బల్ల దగ్గర విచారణాధికారి, ఆయన పక్కనే ఏటా సంతకాలు పెట్టిన తనిఖీ అధికారి. గడ్డం మాసిన మెకానిక్కు ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డాడు. మనవరాలు లేస్తుంటే బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో. లోపలికెళ్లి వాల్వు కట్టేసి మూడు వరసల జనాన్ని బతికించాడు మా నాన్న. దానికే పోయాడు. చౌరస్తాలో విగ్రహం పెడతామంటున్నారు. ఆయన పరువు తీస్తావా?"

"బతికించాడు బాబాయ్. అదీ చెప్తాను."

చెప్పింది. మాడిన పాల దగ్గర మొదలుపెట్టి పీకేసిన తీగ, లోపలికెళ్లకుండా పెట్టిన సంతకాలు, గోడని ఆనించిన ఇళ్ల దాకా చెప్పింది. వెనక నుంచి ఎవరో ముసలాయన, "తిన్నింటి వాసాలు లెక్కపెడుతోంది" అన్నాడు.

విచారణాధికారి కళ్లజోడు తీశాడు. "మీకు తెలిసి రెండు నెలలైందా? ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"చదువు చెప్పేవారు మీరు."



ఆయన మెకానిక్కు వైపు తిరిగాడు. "ఆ పొద్దున నీకు వాసన వచ్చిందా? ఆయనకి చెప్పావా?"

"లేదండీ," అన్నాడు మెకానిక్కు నేలచూపులు చూస్తూ. "నాకేం వాసన రాలేదు. బిగింపులో నాదే పొరపాటు."

"అబద్ధం," అంది గుమ్మం దగ్గర నుంచి అతని భార్య. "మా ఇంట్లో మూడు పూటలా అన్నం పెట్టిన మనిషని చస్తున్నాడు అబద్ధమాడి."

మనవరాలు అతని దగ్గరికెళ్లింది. కానిస్టేబులు అడ్డం రాబోయి ఆగాడు.

"అన్నా, ఆసుపత్రిలో మాస్కు తీయించుకుని మరీ చెప్పాడు తాతయ్య. 'వాడు అడిగాడే. వాసనొస్తోందయ్యా అన్నాడు. నిన్న నూనె తీశారుగా, అదేలే అన్నాను. మిషను ఆపితే నా సంగతి బయటపడుతుందని భయపడ్డాను' అన్నాడు. నీ మీదకి రానివ్వొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. నేనే ఇన్నాళ్లూ దాచాను."

"ఆయనే అన్నారా? భయపడ్డానని?"

"ఆ మాటే అన్నాడు."

మెకానిక్కు గోడకి జారగిలబడ్డాడు. "రెండుసార్లు అడిగానండీ," అన్నాడు. "నా ముక్కుకి ఘాటుగా తగులుతోంది. మిగతావాళ్లకీ తగిలింది. పెద్దాయన ఊఁ అన్నాక మా ముక్కుల్ని మేమే నమ్మలేదు. మిషను వేసింది నేనే."

వాంగ్మూలం రాసి తెచ్చారు. మనవరాలు ఆసాంతం చదివింది. యజమాని అనారోగ్యం దాచాడని ఉంది. మనవరాలికి తెలిసీ చెప్పలేదని ఉంది. మెకానిక్కు హెచ్చరించాడనీ ఉంది. పీకేసిన తీగ లేదు, లోపలికి వెళ్లకుండా పెట్టిన సంతకాలు లేవు, గోడని ఆనించి కట్టిన ఇళ్లూ లేవు.

"ఇవి కూడా చెప్పాను కదండీ."

"అవి ఈ విచారణ పరిధిలోకి రావమ్మా."

"రాస్తేనే సంతకం పెడతాను. తప్పంతా చచ్చిపోయినవాడిదేనా?"

"మీ ఇష్టం," అన్నాడు విచారణాధికారి కాగితాలు సర్దుకుంటూ. "సంతకం లేని వాంగ్మూలం చెల్లదు. ఇతన్ని మళ్లీ జైలుకే తీసుకెళ్తారు. మళ్లీ విచారణ ఎప్పుడో నేను చెప్పలేను."

ఆమె గుమ్మం వైపు చూసింది. మెకానిక్కు భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. బాబాయి అప్పటికే వెళ్లిపోయాడు. ముందు వరసలో తాతయ్య దగ్గర నలభై ఏళ్లు ఐసు తీసుకున్నవాళ్లు ఆమె చూపు తగలకుండా పక్కలకి తిరిగారు.

మనవరాలు కలం తీసుకుంది. ఆయన అల్లిన జడలతో బడికెళ్లి నేర్చుకున్న అక్షరాలతో, తప్పంతా ఆయన నెత్తిన రుద్దిన ఆ కాగితం కింద సంతకం పెట్టింది.

"తేదీ కూడా వెయ్యమ్మా," అని గుర్తు చేశాడు తనిఖీ అధికారి.

వేసింది.