గొడుగాయన

జపాను అక్షరం ఒక్కటీ రాకపోయినా, సముద్రం అవతల పజుండౌంగ్ పేటలో రేడియోలు బాగుచేసే కూర్మనాథానికి ఒక జపాను పేరు తెలుసు. అందులో మొదటి అక్షరం విప్పిన గొడుగులా ఉంటుంది. అందుకే ఆ మనిషిని గొడుగాయన అనేవాడు.

కొట్లో ఓ మూల చిన్న టీవీకి తగిలించిన వీడియోగేమ్ పెట్టె ఉండేది. ఓడలో పనిచేసే బావమరిది పోలయ్య జపాను నుంచి కేసెట్లు తెచ్చేవాడు. ఆట గెలిస్తే, దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు కిందినుంచి పైకి కురిసే వానలా కదిలేవి. మొదటి కేసెట్‌లో గొడుగు పేరు గుంపులో అడుగున ఉంది. తర్వాతిదాంట్లో ముందు వరసకొచ్చింది. మూడోదాంట్లో తెరంతా ఖాళీ అయ్యాక, ఒక్కటే వచ్చి నిలబడింది.

"ఆకర్న ఒక్కడూ వచ్చినోడే ఆటంతా దగ్గరుండి చేయించినోడు బావా," అన్నాడు పోలయ్య. సొంత తమ్ముడికి ఉద్యోగం పెరిగినట్టు, ఆ రోజు కూర్మనాథం వీధిలో అందరికీ టీ పోయించాడు.

ఎనభై ఎనిమిది ఆగస్టులో ప్రభుత్వం దిగిపోవాలంటూ ఊరంతా రోడ్డెక్కింది. సెప్టెంబరులో సైన్యం దిగింది. ఓడలు ఆగాయి. పోలయ్య చివరిసారి తెచ్చిన కేసెట్ ఆడకుండా అలాగే ఉండిపోయింది. కూర్మనాథానికి కాలు నిలవడం లేదు. ఆ పేరు మళ్లీ కనబడితే, బయటెక్కడో మనుషులు తమ పని తాము చేసుకుంటున్నట్టే.

ఓ మధ్యాహ్నం తలుపు మూసి, టీవీకీ ఆట పెట్టెకీ లారీ బ్యాటరీ తగిలించాడు. కరెంటు లేక, పొద్దున వీధంతా విదేశీ వార్తలు విన్నది ఆ బ్యాటరీతోనే. ఆడేది మాత్రం భార్య దేముడమ్మ. చుట్టలు చుట్టిన ఆ వేళ్ల చురుకు అతనికి లేదు.

"కూర పొయ్యి మీదుంది. నీ గొడుగాయనొచ్చి దించుతాడేటి?"

"బేగి ఆడవే. బ్యాటరీ అయిపోతాది."

"నా మెడ మీద ఊపిరొగ్గకు. సచ్చిపోతాను, ఆటలో."

వీధిలో సైన్యం లారీ వెళ్లింది. ఆమె ఆట ఆపింది. ఇద్దరూ కదల్లేదు. చప్పుడు దూరమయ్యాక మళ్లీ మొదలుపెట్టి గెలిచింది.

పేర్లు లేచాయి. బ్యాటరీ దిగిపోతూ, బొమ్మ అంచుల్నుంచి ముడుచుకుంటోంది. గుంపులో గొడుగు లేదు. ముందు వరసలో లేదు. తెర ఖాళీ అయింది. ఇప్పుడు రావాలి. అగ్గిపెట్టెంత మిగిలిన వెలుగు చుక్కయి ఆరిపోయింది.

"ఉన్నాడంటావా?" అన్నాడతను.

దేముడమ్మ లేచి కూర దించి వచ్చింది.

"ఇంకో బ్యాటరీ దొరుకుద్దేమో సూడు. మళ్లీ ఆడతాను."

అతను తలుపు జానెడు తెరిచాడు. వానలో వీధి ఖాళీగా ఉంది. రోడ్డు మధ్య ఎవరిదో ఒంటి చెప్పు తడుస్తోంది. తల మీద గోనెసంచి కప్పుకుని, గోడ వారనే నడిచాడు.