ఆడపడుచుది డిటర్మినేషన్, నాది అడమెంటు

ఈ రోజు మధ్యాహ్నం మా ఆడపడుచు నల్లపాడు నుంచి ప్రత్తిపాడులోని మా ఇంటికి స్కూటీ మీద ఒక్కతే వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చున్నీ నడుముకి బిగించి, వాకిట్లో ఝామ్మని ఆగింది. నాకు కడుపు మండిపోయింది.

మావారు బడిలో ఇంగ్లీషు చెబుతారు. చెల్లెలికి ఎదురెళ్ళి, "నేర్చుకునేటప్పుడు మూడుసార్లు పడ్డా వదల్లేదు. డిటర్మినేషన్ అంటే ఇదీ!" అని మురిసిపోయారు.

మా ఇంట్లో బండి మీద నేనూ నేర్చుకుంటున్నాను. పడింది రెండేసార్లు. పోయిన వారం కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పడి, తుమ్ముకుంటూనే లేచి మళ్ళీ బండెక్కబోయాను. ఈయన తాళంచెవి లాక్కుని, "నువ్వు వట్టి అడమెంటు!" అన్నారు.

అది గుర్తొచ్చి ఈ రోజు ఊరుకోలేకపోయాను. ఆడపడుచు ముందే అడిగేశాను.

"ఏవండీ, మూడుసార్లు పడితే డిటర్మినేషనూ, రెండుసార్లు పడితే అడమెంటూనా? ఇంకొక్కసారి పడితే నాకూ డిటర్మినేషన్ వచ్చేస్తుందా?"

"దానిది నేర్చుకోవాలన్న పట్టుదలే. నీది దాన్ని చూసి పట్టిన పంతం," అన్నారు.

నిజమే. అందుకే ఇంకా మండింది.

అన్నాచెల్లెళ్ళు కాఫీ తాగుతూ కబుర్లలో పడగానే ఆ పిల్ల స్కూటీ తీసుకుని ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాను. పడలేదు.

ఇప్పుడు తను నల్లపాడు బయల్దేరాలట. ఇద్దరూ ఇల్లంతా తాళంచెవి వెతుకుతున్నారు. అది నా కొంగున ముడేసి ఉంది. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో మీరైనా చెప్పండి.