బావ బొమ్మకు దండ

టెక్కలిలో చేతితో చేసే బొమ్మ పని ఏదైనా సరే, తిరిగి తిరిగి జగన్నాధం దగ్గరికే వస్తుంది. గోడ మీద పెళ్లివారి పేర్లు రాయాలన్నా, చవితికి బంకమట్టి వినాయకుణ్ణి చెయ్యాలన్నా, కొత్త మేడ గేటు మీద సిమెంటు సింహాలు కూర్చోవాలన్నా అతనే. నాటకాలవాళ్లకి అడవి తెరా దర్బారు తెరా అతనే రాశాడు. అమ్మవారి సంబరం వస్తే ఘటాలకి రంగులు వేసేదీ అతనే. ఒక్క విద్యని పట్టుకుని కూర్చుంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాడని ఊళ్లో పెద్దమనుషులు అంటూ ఉంటారు. ఏం లాభం? ఆ అన్నవాళ్లే మర్నాడు బాత్‌రూం తలుపు మీద నెమలి బొమ్మ వెయ్యమని వస్తారు, ఇతనూ కాదనడు. రంగు డబ్బా మూత తీస్తే ఆ చెయ్యి ఊరుకోదు, పాపిష్టిది.

ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని మింగేశాక అతని ఇంట్లో పొయ్యి వెలిగించింది మాత్రం పోయినవాళ్ల బొమ్మలే. పెద్దకర్మ నాటికి బొమ్మ కావాలంటూ ఆధార్ కార్డు పట్టుకుని వచ్చేవారు. ఆ కార్డులో ఎంత మర్యాదస్తుడైనా దొంగలాగే కనబడతాడు కదా. జగన్నాధం దాంట్లోంచి మనిషిని బయటికి తీసేవాడు. ఊడిన పన్ను పెట్టేవాడు, ఏనాడూ ఎరగని పట్టుపంచె కట్టించేవాడు. ఆఖర్న మెడలో గంధపు దండ కూడా రంగుల్తోనే వేసేసేవాడు. నిజం దండ తగిలిస్తే దుమ్ము పడుతుంది, బొద్దింకలు చేరతాయి, ఇది ఎన్నాళ్లయినా మాయదు. ఆ దండ అతను సొంతంగా కనిపెట్టిన పని. చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని చూసి ఇది జగన్నాధం బొమ్మ అని పోల్చుకునేవారు. అతనికి అది కాస్త గర్వంగానే ఉండేది.

అతనికి తోడబుట్టింది ఒక్కర్తే, అప్ప కూర్మమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఆమే. గోడలన్నీ బొగ్గుతో పాడుచేస్తున్నాడని తండ్రి బెత్తం ఎత్తితే, చీర కొంగు అడ్డం పెట్టి, తన అత్తవారింటికి తీసుకెళ్లి గోడలు చూపించి, ఇక్కడ గీసుకోరా అన్న మనిషి. ఉద్దానంలో ఆమె అత్తవారికి కొబ్బరితోట ఉండేది. తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఆ తోటని నేలకి పడుకోబెట్టేసింది. బావ అసిరయ్య ఆ తరవాతి వేసవిలో మేస్త్రీ వెంట చెన్నై పనికి బయల్దేరాడు. దారిలో ఏదో స్టేషన్లో నీళ్లకని దిగాడు. రైలు కదిలింది. వెనక పెట్టెలో ఎక్కి ఉంటాడులే అనుకున్నారు తోటివాళ్లు. అంతే, మనిషి మళ్లీ కనబడలేదు.

జగన్నాధం ఊరుకోలేదు. పోలీసులకి చెప్పాడు. బావ ముఖం గీసి కాపీలు తీయించి, చెన్నై దాకా స్టేషన్ స్టేషనుకీ దిగి అంటించాడు. ఆస్పత్రులు తిరిగాడు, సత్రాలు తిరిగాడు, చెప్పుకోడానికి ఇష్టం లేని చోట్లకి కూడా వెళ్లి చూశాడు. ఎక్కడా ఒక్క కబురూ లేదు. చివరికి కులపెద్దలు, దర్భలతో మనిషిని చేసి దహనం చేసి కర్మ కానిచ్చెయ్యమన్నారు. కూర్మమ్మ ఒప్పుకోలేదు.

"కనబడకపోతే పోనట్టేటి? ఆవు తప్పిపోతేనే ఏడాది ఎతుకుతారు కదా" అంది. ఆ రోజునుంచి ఆమె బొట్టు ఇంకొంచెం పెద్దదయింది.

మూడేళ్లకి కూతురు శైలజకి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల మేనమామ దగ్గరికి వచ్చి ఒక్కటే కోరింది.

"మావయ్యా, నాన్న బొమ్మ ఒకటి ఎయ్యవా. పందిట్లో కుర్సీలో ఎడతాను. నా పెళ్లికి నాన్న ఉన్నట్టుంటాది."

"ఎయ్యకేటే. మీ నాన్న మొకం నాకు కంటతా వచ్చు" అన్నాడు.

వచ్చినమాట నిజమే. కానీ అది మాఘమాసం. ఏ వీధిలో చూసినా పెళ్లిళ్లే. ఒకపక్క మండపానికి థర్మోకోల్ హంసలు, ఒకపక్క గోడల మీద పేర్లు, పైగా కాలేజీవాళ్లకి సిమెంటు సరస్వతి. ఇన్ని నెత్తిన వేసుకోవద్దురా నాయనా అని భార్య సుభద్రమ్మ మొత్తుకుంటూనే ఉంది. వింటేనా? బావ బొమ్మ మాత్రం ప్రేమగానే వేశాడు. కళ్ల కింద ముడతలు, చెవిమీద ఆ పుట్టుమచ్చ, నవ్వు ఆపుకుంటున్నట్టుండే మూతి, అన్నీ దిగాయి. ముఖం అయిపోయింది. బయట హంసలకోసం ఆటో హారన్ కొడుతోంది. మనసు హంసల మీద ఉంది, చెయ్యి బొమ్మ మీద ఉంది. ఏళ్ల తరబడి ముఖం అయ్యాక ఏం చేస్తూ వచ్చిందో ఆ చెయ్యి అదే చేసేసింది. హంసలు ఎక్కించేలోగా రంగు ఆరింది. కాగితం చుట్టి, తాడు కట్టి, అదే ఆటోలో పంపించేశాడు. ఒక్కసారి నిలబడి చూసుకుని ఉంటే ఎంత బాగుండేది.

పెళ్లినాడు పందిట్లో, అందరి ముందూ శైలజ కాగితం విప్పింది. అసిరయ్య మెడలో గంధపు దండ ఉంది. సన్నాయి వాయించేవాడు కూడా ఆపేశాడు. ఎవరో ముసలమ్మ, ఆమె తప్పేముంది, దండ చూసి అలవాటుగా అగరొత్తి వెలిగించి బొమ్మ ముందు గుచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు జగన్నాధం కండువా తీసి బొమ్మ మీద కప్పబోయాడు. కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. బొమ్మవైపు చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి తలంబ్రాల పళ్లెం తెచ్చింది. పెళ్లి జరిపించింది. పిల్లని అత్తవారింటికి సాగనంపి, నూతి దగ్గరికి వెళ్లి నీళ్లు తోడుకుని బొట్టు కడిగేసుకుంది. మెట్టెలు తీసి కొంగున ముడేసుకుంది.

ఆ తరవాత తమ్ముడితో మాట్లాడలేదు. వెళ్తే మంచినీళ్లు ఇచ్చి పెరట్లోకి వెళ్లిపోయేది. ఆ బొమ్మ ఇచ్చేస్తే దండ చెరిపి ఇస్తానని శైలజ చేత అడిగించాడు. ఇవ్వలేదు. అప్పా, నాకు ఏ కబురూ తెలీదు, అది పాడు అలవాటు, అంతే అని చెప్పాలని ఎన్నోసార్లు బయల్దేరి, పలాస దాకా వెళ్లి, బస్సు దిగి టీ తాగి వెనక్కి వచ్చేశాడు. మట్టితో, సిమెంటుతో, రంగుతో ఏమైనా చెప్పగలిగినవాడికి ఆ నాలుగు మాటలు నోట్లోంచి రాలేదు. అప్పటినుంచి పోయినవాళ్ల బొమ్మలు ఎవరడిగినా వెయ్యనని చెప్పేస్తున్నాడు.

మొన్న ఆషాఢంలో కూర్మమ్మే వచ్చింది. ఉద్దానంలో గడపగడపకీ ఉన్న కిడ్నీ జబ్బే ఆమెకీ పట్టింది. పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. చెయ్యి పట్టుకుని శైలజ ఆటోలోంచి దింపింది. సుభద్రమ్మ పిల్లని టీ నెపంతో లోపలికి తీసుకుపోయింది. కూర్మమ్మ సిమెంటు పొడి నిండిన స్టూలు తుడుచుకుని కూర్చుంది.

"జగ్గా, నా బొమ్మ గియ్యరా. మొకం వాసిపోకముందే గీసీ" అంది.

ఇక దాచుకోకూడదు, కాళ్లు పట్టుకునైనా సరే ఇవాళ చెప్పెయ్యాలి అనుకున్నాడు జగన్నాధం.

"అప్పా, ఆ దండ..."

"నాను సెప్తన్నాను, ఇను. నీ మీద నాకు కోపం నేదురా. నువ్వు టేషన్లన్నీ తిరిగినావు, ఆస్పత్రులన్నీ సూసినావు. ఎక్కడో నీకు కబురు తెలిసింది. నా మొకం సూసి సెప్పలేకపోనావు. పిల్ల పెళ్లయిపోతే నాను ఒంటిగా కూకుని ఎదురుసూస్తానని, బొమ్మలో సెప్పినావు. తమ్ముడు కాబట్టి సెప్పినావు. ఇంకెవుడు సెప్తాడు?"

అతను ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"నీ నోట ఆ మాట ఇనడానికి బయమేసి మాటాడనేదు, అంతే. ఎదురుసూడ్డం ఎంత నరకమో నీకు తెల్దురా. కుక్క మొరిగినా లేచి కూకునేదాన్ని. నీ బొమ్మ సూసినకాడినుంచి నిద్ర పడతన్నాది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎక్కడా, ఎలాగా అని అడగను. ఒక్కటి సెప్పు. మీ బావ బాధ పడకుండా పోనాడా?"

అది అలవాటప్పా, నాకేమీ తెలీదు అంటే అతని గుండె మీది బండ దిగిపోతుంది. ఆమె మాత్రం ఈ జబ్బు ఒంటితో మళ్లీ వాకిట్లో కూర్చుంటుంది, కుక్క మొరిగితే లేస్తుంది.

"బాధ పడనేదప్పా. నిద్దట్లో పోనాడు. దగ్గర మనుషులున్నారు, నోట్లో నీళ్లు పోసినారట" అన్నాడు జగన్నాధం.

"మంచిదిరా" అని ఆమె తల ఊపింది. "మరి గియ్యు. బొట్టు ఎట్టకు."

అతను అట్టముక్క తొడ మీద పెట్టుకుని, ఆ ముఖంలోకి చూస్తూ గియ్యడం మొదలుపెట్టాడు. లోకంలో అతను క్షమించమని అడగవలసిన మనిషి ఒక్కర్తే. ఆమెని ఇక అడగడానికి లేదు.