మసక చుక్కకు రెండో సాక్షి

తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి లేస్తుండగా, పై వాటా అక్క నిద్రలోనే పోయారని వాళ్ల కోడలు వచ్చి చెప్పింది. దువాకు చేతులెత్తితే, పోయిన రంజాన్‌లో అక్క పెట్టిన కేకే చెవుల్లో మోగింది.

అక్క వేధశాలలో పనిచేసి రిటైరై, మెట్టుగూడలో మా ఇంటి పై వాటాలోకి వచ్చారు. అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే దుర్భిణి, ఫలానా చోటు నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయని మాత్రమే చెబుతుందట. ఆ చోట చాలా చుక్కలుంటాయి. ఏ చుక్కో తేల్చాలంటే మామూలు వెలుగును చూసే దుర్భిణి కావాలి.

"పండుగ చాంద్‌కు ఇద్దరు సాక్షులు గావాలంటరు గద చెల్లె? గిది సుత గట్లనే" అన్నారు. నెలవంకతో పోల్చాక అప్పుడు నాకు అర్థమైంది.

అలాంటి ఒక చోట, మధ్యలో మెరిసే చుక్కే అసలుదని తోటివాళ్లంతా అన్నారు. పక్కనున్న మసక చుక్క అని అక్క ఒక్కరే పట్టుబట్టారు. తేలకుండానే రిటైరయ్యారు.

"మెరిసేది అడ్డమొస్తది. ముందు దాన్ని దాచాలె" అంటూ డాబా మీద మా పిల్లలకు బొటనవేలు అడ్డుపెట్టి చూడడం నేర్పేవారు.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. అది ముదిరాక ఒకరోజు అడిగారు: "నా కోసం దువా చెయ్యి చెల్లె. నేను గెలవాలని అడగకు. నేను పోయేలోపు తేలాలని అడుగు."

ప్రతి నమాజులోనూ అడిగాను.

ఆ రంజాన్ చివర, ఇఫ్తార్ కాగానే అందరం డాబా మీద నెలవంక కోసం పడమటికి చూస్తున్నాం. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన అక్క, ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి "దొరికింది!" అని అరిచారు.

"చాంద్ ముబారక్!" అంటూ మా అత్తమ్మ నన్ను కౌగిలించుకుంది. కింద గల్లీలో ఎవరో పటాకా కూడా కాల్చారు.

"ఏడ అక్కా, ఏడ?" అన్నాడు మా మరిది.

"చాంద్ కాదురా, నా చుక్క! దాని జంట చుక్క అడ్డమొచ్చి ఎక్స్‌రేలు ఆగినప్పుడల్లా దీని వెలుగు సుత తగ్గుతున్నదట! ఆ మెరిసేదైతే అస్సలు మారలే. మా స్టూడెంట్ పిల్ల ఇప్పుడే చెప్పింది."

"నీ చుక్క సల్లగుండ! జెరైతే సేమ్యాకు పాలు పెడుతుంటి గదనే" అంది అత్తమ్మ.

"పెట్టుండ్రి పెద్దమ్మా! నాకు పండుగ ఇయ్యాలనే!"

అల్హందులిల్లాహ్, అల్లా నా దువా విన్నాడు. నెలవంక ఆ రోజు కనిపించలేదు. అయినా సేమ్యా వండాం.

అక్కను తీసుకెళ్లిన సాయంత్రం, బట్టలు తేవడానికి డాబా ఎక్కాను. పడమట ఒక చుక్క తెగ మెరుస్తోంది. ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డుపెట్టాను. గోరు పక్కన చిన్న చుక్క ఒకటి మెల్లగా తేలింది.