అక్కగారి పాఠానికి అక్కరలేని శబ్దం

తీగలబాబు అన్న పేరు వీధివారు పెట్టినది. భుజాన తీగచుట్ట లేకుండా అతడిని చూచినవారు లేరు. దూరాన ఉన్న మనుషులు ఒకరినొకరు చూచుకొంటూ మాట్లాడుకొనే ఏర్పాట్లు చేయడం అతడి వృత్తి. బొమ్మా శబ్దమూ ఏ నియమాల ప్రకారం ఒకచోటి నుండి మరొకచోటికి ప్రయాణం చేయాలో నిర్ణయించే పద్ధతులను ప్రోటోకాల్ అంటారు. వాటిని మార్చి మార్చి పరీక్షించడం అతడికి వృత్తిని మించిన వ్యసనం.

ఆ వానాకాలంలో అతడి అక్కగారు మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకొన్నారు. ఆమెకు పుట్టుకతోనే వినికిడి లేదు. వినికిడి లేని పిల్లల బడిలో కుట్టుపని నేర్పేవారు. ఇప్పట్లో మూడో అంతస్తు దిగడం కుదరదని వైద్యుడు తేల్చి చెప్పాడు. ప్రధానోపాధ్యాయురాలు మంచి మనిషే, అయినా ఎంతకాలమని ఆగగలరు?

"వీడియోలో చెప్పగలిగితే చెప్పమనండి. శుక్రవారం ఒక పాఠం చూస్తాను. కుదరకపోతే వేరే టీచరును పెట్టుకోక తప్పదండీ" అని తీగలబాబుతో అన్నారు.

పిల్లల చేతులే లోకంగా బతికిన అక్కగారికి ఆ తరగతి చేజారితే మిగిలేది కిటికీ మాత్రమే. ఆ సంగతి తమ్ముడికి ఒకరు చెప్పనక్కరలేదు.

అక్కగారి కుట్టుమిషను ఎదుట ఒక కెమెరాను, బడి తరగతిలో మరొక కెమెరాను, రెండుచోట్లా ఒక్కొక్క తెరను అమర్చాడు. ఇంట్లో మేనకోడలు, బడిలో తాను నిలబడి పరీక్షలు ఆరంభించారు. మొదటి పద్ధతి రిజిస్టరు తపాలా వంటిది. దారిలో ఏ ముక్క తప్పిపోయినా మళ్లీ తెప్పించి, వరుసగా కూర్చి, అప్పుడు గాని చూపదు. బొమ్మ అద్దంలా ఉంది గాని ఆలస్యంగా వచ్చింది. ఒక పిల్ల చేతులతో అడిగిన సందేహం అక్కగారికి చేరేసరికి ఆమె దారం తెంపేసి ఉన్నారు.

ఫోనులో మేనకోడలు అందుకొంది. "మావయ్యా, అమ్మ రెండో గుండీకి కాజా కుడుతోంది. మీరింకా మొదటి గుండీ దగ్గరే ఉన్నారా?"

"బొమ్మ ఎంత బాగుందో చూడవే!"

"అంత బాగుంటే ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకో!"

రెండో పద్ధతి పోయినదానిని పోనిచ్చి ముందుకు సాగేది. ఆలస్యం మాయమైంది. కాని బడిలో ఇంటర్నెట్ నీరసించినప్పుడల్లా బొమ్మ బిగుసుకుపోయింది. అక్కగారి వేళ్లు గుడ్డమీద రాతివేళ్లలా నిలిచిపోయాయి. మిషను టకటక మాత్రం ఎక్కడా తెగలేదు. దారి ఇరుకైతే బొమ్మను వదిలి శబ్దాన్ని కాపాడుకోవడం ఆ వృత్తిలో అందరికీ అలవాటైన మర్యాద. తీగలబాబు సంతోషంగా ఆ సాయంత్రం అక్కగారింటికి వెళ్లి, చేతులతో విన్నవించాడు:

"బొమ్మ కాస్త ఆగిందిలే గాని, శబ్దం ఒక్కసారి కూడా తెగలేదక్కా!"

అక్కగారు చేతిలోని గుడ్డను పక్కన పెట్టి, తమ్ముడిని ఎగాదిగా చూశారు. తరువాత నింపాదిగా చేతులు కదిపారు.

"ఎవరి కోసంరా?"

మేనకోడలు పడీ పడీ నవ్వింది. "మావయ్యా, నిజంగా మా అమ్మ తమ్ముడివేనా నువ్వు?"

తీగలబాబు నెత్తిన చేయి పెట్టుకొని తానూ నవ్వాడు. నవ్వు ఆగిన తరువాత అక్కగారి మణికట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. అతడు పసివాడుగా ఉన్నప్పుడు తల్లి రాత్రిపూట పనికి పోయేది. తమ్ముడి ఏడుపు తనకు వినపడదు గనుక అక్కగారు ఊయలకు ఒక దారం కట్టి, రెండో కొస మణికట్టుకు చుట్టుకొని పడుకొనేవారు. పిల్లవాడు కదిలితే దారం లాగేది, ఆమె లేచేవారు. ఆ కథ చెప్పినప్పుడల్లా రెండు వేళ్లతో మణికట్టు దగ్గర లాగి చూపి, ఉలిక్కిపడి లేచినట్టు కళ్లు పెద్దవి చేసేవారు. నోటిమాట కంటే ముందు ఆమె చేతిమాట నేర్చినవాడు చెవుల లెక్కన ఏర్పాటు చేశాడు!

మరునాడు శబ్దాన్ని సమూలంగా తీసివేసి, దారి మొత్తాన్ని బొమ్మకే కేటాయించాడు. బొమ్మ పరిమాణం తగ్గించాడు. మసకబారినా సరే, వేలి కదలిక ఆగరాదన్నది నియమం. అక్కగారి వెనుక బోసిగోడ ఉండేలా కుర్చీ జరిపించి, చేతులు స్పష్టంగా కనబడడానికి ముదురురంగు రవిక తొడుక్కోమన్నాడు.

శుక్రవారం ప్రధానోపాధ్యాయురాలు వచ్చి వెనుక బల్లమీద కూర్చున్నారు. కాసేపు చూచి, "ఏమండీ, శబ్దం రావడం లేదు. పాడైందా?" అన్నారు.

"పాడవలేదమ్మా. సెలవిచ్చి పంపేశాను."

"సెలవేమిటి?"

"ఈ తరగతిలో దానికి పని లేదు కదండీ."

ఆమె పిల్లల వైపు చూచి, నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వారు. "ఇన్నేళ్లు ఇదే బడిలో ఉండి నేనూ అదే అడిగాను, చూడండి!"

పాఠం నడుమ ఇంటర్నెట్ మళ్లీ నీరసించింది. బొమ్మ మసకబారింది గాని ఆగలేదు. అంతలో ముందు వరుసలోని పిల్ల కాజా కోయడానికి గీత తప్పినచోట కత్తెర పెట్టింది. తెరమీద అక్కగారి అరచెయ్యి చటుక్కున లేచింది. కత్తెర గాలిలోనే ఆగింది. గుడ్డ తెగలేదు.

"ఇక వేరే టీచరు మాట ఎత్తను. కాలు బాగయ్యేదాకా ఇలాగే కానివ్వండి" అని ప్రధానోపాధ్యాయురాలు లేచారు.

అతడు ఆ మాటను చేతులతో తెరలోకి అందించి, ఒక మూల కూర్చొని తీగ చుట్టుకోసాగాడు. పిల్లలు రెండు చేతులూ పైకెత్తి ఆడిస్తున్నారు. అది వారి చప్పట్లు. తలెత్తి చూస్తే, అక్కగారు మణికట్టును కెమెరా ముందుకు తెచ్చి, కనబడని దారాన్ని రెండు వేళ్లతో లాగారు.

అటు లాగడం, ఇటు తీగలబాబు లేచి నిలబడడం ఒక్కసారే జరిగాయి. పిల్లలందరూ వెనుదిరిగి చూశారు. అతడు తీగచుట్టను చంకలో ఇరికించుకొని, "లేచానక్కా" అని చేతులతో చెప్పాడు.